దాడి జరిగాక ఎన్ని రోజుల్లో తేరుకుంటారు? సైబర్ ముప్పులకు సంస్థను సిద్ధం చేసే పద్ధతి

రేపు ఉదయం మీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయనుకోండి. ఫైళ్లు తెరుచుకోవు, మెయిల్ రాదు, ఆఫీసు ఫోన్లు కూడా నెట్‌వర్క్ మీదే నడుస్తుంటే అవీ మూగబోతాయి. మళ్లీ మామూలుగా పని మొదలవడానికి ఎన్ని రోజులు పడుతుంది? చాలా సంస్థల్లో ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఫైర్‌వాల్ ఏ కంపెనీదో, యాంటీవైరస్ లైసెన్స్ ఎప్పటిదాకా ఉందో మాత్రం అడగ్గానే చెబుతారు.

దాడి చేసేవాళ్లను పూర్తిగా బయటే ఆపగలమన్న నమ్మకం మీద భద్రతను కట్టకూడదు. డబ్బుకూ నిపుణులకూ కొదవలేని సంస్థల్లోకే వాళ్లు దూరారు. దూరాక ఎంత మేర నష్టం చేయగలరు, మనం ఎంత త్వరగా తేరుకోగలం అన్నవి మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటాయి. అవి కూడా దాడి రోజున తేలేవి కావు, ఏ గొడవా లేని రోజుల్లో చేసిన పనిని బట్టి ముందే తేలిపోతాయి. అందుకే ఇక్కడ కోలుకోవడం దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాతే తలుపులూ తాళాల దగ్గరికి వెళ్దాం.

1. ఏ పని ఆగితే సంస్థ ఆగిపోతుందో రాయండి

కంప్యూటర్ల జాబితాతో మొదలుపెట్టకండి, పనుల జాబితాతో మొదలుపెట్టండి. జీతాలు వేయడం, ఆర్డర్లు తీసుకోవడం, సరుకు పంపడం, రోగికి మందు ఇవ్వడం, ఇలా మీ సంస్థ ఏ పనుల మీద నిలబడి ఉందో ఆ పనులు. ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి. ఇది ఎన్ని గంటలు లేదా రోజులు ఆగితే తట్టుకోగలం? ఎన్ని గంటల డేటా పోతే చేత్తో మళ్లీ ఎక్కించుకోగలం? ఈ లెక్క ఐటీ వాళ్లు ఒంటరిగా వేయలేరు. ఆ పని రోజూ చేసేవాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

తర్వాత ఆ పని వేటి మీద ఆధారపడిందో కిందికి తవ్వుకుంటూ వెళ్లండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ సర్వర్, ఏ బయటి కంపెనీ, ఎవరి లాగిన్. అలా తవ్వితే అన్ని పనుల అడుగునా ఒకటి రెండు వ్యవస్థలే కనిపిస్తాయి. సాధారణంగా అందులో ఒకటి, ఎవరు లోపలికి రావచ్చో నిర్ణయించే లాగిన్ సర్వర్.

అది పోతే ఏమవుతుందో మెర్స్క్ కంపెనీకి బాగా తెలుసు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్), ఉక్రెయిన్‌లో చాలా సంస్థలు వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా బయటికొచ్చి, ప్రపంచంలోనే అతిపెద్ద నౌకా రవాణా సంస్థల్లో ఒకటైన మెర్స్క్‌ను కుదేలు చేసింది. లాగిన్ వివరాలు ఉండే డొమైన్ కంట్రోలర్లు ఒకదానికొకటి నకళ్లుగా పనిచేసేవి, కాబట్టి ఒకటి పోయినా మరొకటి ఉంటుందనుకున్నారు. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘానా ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోయి ఉండటంతో అక్కడి సర్వర్ ఒక్కటే మిగిలింది. కంపెనీ దాని ఆధారంగానే మళ్లీ నిలబడింది. సుమారు 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో కొత్తగా కట్టుకున్నారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీయే చెప్పింది.

మీ జాబితాలో అలాంటి వ్యవస్థ ఏదో గుర్తించి, దాని చుట్టూ ఎర్ర గీత గీయండి. మిగతా అడుగులన్నీ ముందు దానికే వర్తిస్తాయి.

2. బ్యాకప్ ఉందని నమ్మకండి, తిరిగి ఎక్కించి చూడండి

డబ్బు తక్కువగా ఉండి ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ముఠాలు లోపలికి రాగానే మొదట వెతికేది బ్యాకప్‌ల కోసమే. అవి చెరిపేస్తే గానీ మీరు డబ్బు కట్టరని వాళ్లకు తెలుసు.

పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, అందులో ఒకటి వేరే చోట. ఈ కాలానికి దానికి ఇంకొకటి చేర్చాలి. కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉండాలి, లేదా నిర్ణీత గడువు దాకా అడ్మిన్ సైతం చెరపలేని విధంగా లాక్ అయి ఉండాలి. బ్యాకప్ వ్యవస్థ లాగిన్‌లు కూడా ఆఫీసు లాగిన్‌లతో కలవకూడదు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ అకౌంట్‌లోకి ఒక దుండగుడు ప్రవేశించి, అసలు డేటాతో పాటు అదే అకౌంట్‌లో ఉన్న బ్యాకప్‌లనూ చెరిపేశాడు. ఆ కంపెనీ మూతపడింది. క్లౌడ్‌లో ఉంది కదా, భయం లేదు అనేవాళ్లందరూ గుర్తుంచుకోవాల్సిన ఉదంతం ఇది.

కాపీ ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని ఎక్కించడానికి చోటు కూడా కావాలి. బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబర్‌లో రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. డిజిటల్ నిధుల కాపీలు భద్రంగానే ఉన్నాయి. కానీ పాత సాఫ్ట్‌వేర్లు కొత్త, సురక్షితమైన సర్వర్ల మీద నడవవు, పాత సర్వర్లు నాశనమయ్యాయి. దాంతో నెలల తరబడి సేవలు నిలిచిపోయాయి. తర్వాత ఆ లైబ్రరీ తన లోపాలను దాచుకోకుండా 2024 మార్చిలో నివేదిక ప్రచురించింది. ప్రతి సంస్థా అలా చేస్తే అందరి భద్రతా ఎంతో మెరుగుపడేది.

ఇక పరీక్ష. మూడు నెలలకోసారి, మొదటి అడుగులో గుర్తించిన ముఖ్యమైన వ్యవస్థను ఖాళీ సర్వర్ మీద బ్యాకప్ నుంచి పూర్తిగా నిలబెట్టండి. ఏదో ఒక ఫైల్ తీసి చూసి సరిపెట్టుకోవద్దు. గడియారం పెట్టుకుని ఎంతసేపు పట్టిందో రాయండి. మీరు తట్టుకోగలమని రాసుకున్న గంటలతో ఆ సమయాన్ని పోల్చండి. మొదటిసారి చేసినప్పుడు ఏదో ఒక పాస్‌వర్డ్ దొరకదు, ఏదో ఒక లైసెన్స్ కీ ఎవరి మెయిల్‌లో ఉందో తెలియదు. టెన్షన్ పడకండి, అవి బయటపడటానికే ఈ పరీక్ష.

3. పాత అకౌంట్లు మూసేయండి, లాగిన్‌లకు రెండో తాళం వేయండి

2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఇంధన సరఫరా దాదాపు ఆరు రోజులు ఆగిపోయింది. దుండగులు వాడింది ఎవరూ పట్టించుకోని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అకౌంట్. పాస్‌వర్డ్ తప్ప దానికి మరో రక్షణ లేదు. కంపెనీ దుండగులకు 44 లక్షల డాలర్లు చెల్లించింది. 2024 ఫిబ్రవరిలో, అమెరికాలో వైద్య బిల్లులు చూసే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీ మీద దాడి కూడా రెండో తాళం లేని ఒక రిమోట్ యాక్సెస్ పోర్టల్ నుంచే మొదలైంది. దాదాపు 19 కోట్ల మంది సమాచారం దాని ప్రభావానికి లోనైంది, అమెరికా అంతటా మందుల షాపుల బిల్లింగ్ స్తంభించింది.

ఇవి చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని అది.

కాబట్టి ఈ వారమే బయటి నుంచి లాగిన్ అయ్యే దారులన్నీ లెక్కపెట్టండి: వీపీఎన్, మెయిల్, రిమోట్ డెస్క్‌టాప్, క్లౌడ్ అడ్మిన్ పేజీలు, వెండర్లకు (మీకు సాఫ్ట్‌వేర్, సేవలు అందించే బయటి కంపెనీలకు) ఇచ్చిన లాగిన్‌లు. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లు మూసేయండి. మిగిలినవాటికి పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ అసలు లేకపోవడం కన్నా మేలు. అయితే ఓటీపీని నకిలీ పేజీలో రాబట్టుకోవచ్చు. ఫోన్‌కు వరసగా వచ్చే ‘అనుమతించండి’ నోటిఫికేషన్లకు విసిగి ఎవరో ఒకరు ఓకే నొక్కేస్తారు. 2022లో ఉబర్‌లోకి దూరింది ఈ విసిగించే పద్ధతితోనే. అడ్మిన్లకూ, డబ్బు వ్యవహారాలు చూసేవాళ్లకూ అయినా పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవులు) లేదా సెక్యూరిటీ కీలు (అదే పని చేసే చిన్న పరికరాలు) ఇవ్వండి. నకిలీ సైట్‌లో అవి పనిచేయవు.

ఇంకో మాట. అడ్మిన్ అకౌంట్‌తో మెయిల్ చూడటం, బ్రౌజింగ్ చేయడం ఆపాలి. ఆ అకౌంట్ దొరికితే దాడి ఒక కంప్యూటర్ నుంచి అన్నిటికీ పాకుతుంది. నాట్‌పెట్యా అంత వేగంగా వ్యాపించడానికి ఒక కారణం, అది కంప్యూటర్ మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లను ఏరుకుని వాడుకోవడం. నెట్‌వర్క్‌నూ విడగొట్టండి. ఫ్యాక్టరీ యంత్రాలు, అకౌంట్స్, అతిథుల వైఫై ఒకదాన్నొకటి చూడగలిగే స్థితిలో ఉండకూడదు.

4. ప్యాచ్‌లు ఏ వరసలో వేయాలి

ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్. అన్ని ప్యాచ్‌లూ ఒకేసారి వేయడం ఎవరి వల్లా కాదు. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్నవి మొదట: వీపీఎన్ పరికరాలు, ఫైర్‌వాల్, మెయిల్ సర్వర్. వాటిలోనూ, దుండగులు ఇప్పటికే వాడుతున్న లోపాలు ఇంకా ముందు. అలాంటి లోపాల జాబితాను అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ఉచితంగా నిర్వహిస్తోంది, ఎవరైనా చూసుకోవచ్చు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసినప్పుడు, దానికి మందు అయిన మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అప్పటికే రెండు నెలల కిందట వచ్చి ఉంది. ప్యాచ్ రాని పాత యంత్రాలను మార్చలేకపోతే, వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి.

5. గొంతు, ముఖం చూసి డబ్బు పంపకండి

కొత్త ముప్పుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన పెట్టేది ఇదే. ఫిషింగ్ మెయిల్‌ను (తెలిసినవాళ్ల పేరుతో వచ్చే మోసపు మెయిల్‌ను) అక్షర దోషాలు చూసి పట్టుకోవచ్చని ఇన్నాళ్లూ ఉద్యోగులకు నేర్పాం. ఏఐ వచ్చాక ఏ భాషలోనైనా తప్పుల్లేని మెయిల్ తయారవుతోంది. గొంతు, ముఖం కూడా తయారవుతున్నాయి. 2024 మొదట్లో వెలుగు చూసిన కేసులో, బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ అరప్‌కు చెందిన హాంకాంగ్ ఉద్యోగి ఒకరికి ఫైనాన్స్ చీఫ్ పేరుతో రహస్య లావాదేవీ గురించి మెయిల్ వచ్చింది. ఆ ఉద్యోగికి అనుమానం వచ్చింది. ఆ తర్వాత వీడియో కాల్‌లో చీఫ్‌నూ, తెలిసిన సహోద్యోగులనూ చూశాక అనుమానం పోయింది. కాల్‌లో ఉన్నవాళ్లంతా డీప్‌ఫేక్‌లు, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీ మనుషులు. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు వెళ్లిపోయాయి.

ఆ ఉద్యోగిని తప్పుపట్టడంలో అర్థం లేదు. కళ్లారా చూసినదాన్ని నమ్మడం మనిషి సహజ గుణం. మనిషి కన్ను మోసపోయినా డబ్బు కదలని పద్ధతి పెట్టడం సంస్థ బాధ్యత. ఇలా చేయండి:

- నిర్ణీత మొత్తం దాటిన చెల్లింపుకూ, వెండర్ బ్యాంకు ఖాతా మార్పుకూ ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేయండి. ఇద్దరూ వేర్వేరు అకౌంట్ల నుంచి ఆమోదించాలి.
- అడిగినవాళ్లకు తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. అది మీ రికార్డుల్లో ముందే ఉన్న నంబరుకే చేయాలి, మెయిల్‌లోనో కాల్‌లోనో ఇచ్చిన నంబరుకు చేయకూడదు.
- పాస్‌వర్డ్ రీసెట్ అడిగితే హెల్ప్ డెస్క్ కూడా ఇదే పాటించాలి. పుట్టిన తేదీ, ఉద్యోగి నంబరు చెప్పగలిగితే చాలనే పద్ధతి మానేయండి, అవి బయట దొరుకుతాయి.

హెల్ప్ డెస్క్‌ను చాలామంది మరచిపోతారు, అది బయటి కాంట్రాక్టర్ల చేతిలో ఉంటే మరీను. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ రిటైల్ సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్‌లోకి దుండగులు వేరొకరిలా నటించి, ఒక బయటి సంస్థ ద్వారానే ప్రవేశించారు. ఆరు వారాలకు పైగా ఆన్‌లైన్ ఆర్డర్లు ఆగాయి.

ఈ నియమాలు నిలబడాలంటే పై నుంచి ఒక మాట రావాలి. ఎండీ స్వయంగా అందరి ముందు ఇలా చెప్పాలి: “నా పేరు చెప్పి ఎవరు తొందరపెట్టినా, నేనే తొందరపెట్టినా, నియమం ప్రకారమే వెళ్లండి. సార్‌కు కోపం వస్తుందేమో అనుకోకండి, ఆపినందుకు ఎవరినీ ఏమీ అనను.” పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేని చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా ఈ మోసం ఆగదు.

6. మీరు నమ్మిన కంపెనీ ద్వారా వచ్చే ముప్పు

2020 డిసెంబర్‌లో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతంలో, ఆ కంపెనీ తయారుచేసిన ఓరియన్ అనే నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే మాల్‌వేర్ కలిసిపోయింది. దాదాపు 18,000 సంస్థలు దాన్ని తమ చేత్తోనే ఇన్‌స్టాల్ చేసుకున్నాయి. 2024 జూలై 19న జరిగినదైతే అసలు దాడే కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాలు ఆగాయి. రెండిటిలోనూ వినియోగదారులు ఏ తప్పూ చేయలేదు.

వెండర్‌కు వంద ప్రశ్నల పత్రం పంపి, అన్నిటికీ ‘అవును’ అని వచ్చాక ఫైల్ చేసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. మీ సమయాన్ని మూడు పనుల మీద పెట్టండి. వెండర్‌కు మీ నెట్‌వర్క్‌లో ఎంత అనుమతి ఉందో చూసి, అవసరానికి మించింది తీసేయండి. దాడి జరిగితే ఎన్ని గంటల్లో మీకు చెప్పాలో కాంట్రాక్టులో రాయించండి. ఆ వెండర్ వారం రోజులు పనిచేయకపోతే మీ పని ఎలా నడుస్తుందో ఆలోచించి పెట్టుకోండి. అప్‌డేట్లను అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపకుండా, ముందు కొన్నిటి మీద వేసి చూసే వీలుంటే వాడుకోండి.

సోలార్‌విండ్స్ గుట్టు ఎలా రట్టయిందో కూడా తెలుసుకోవాలి. ఫైర్ఐ అనే కంపెనీలో ఒక ఉద్యోగి పేరు మీద లాగిన్ ధ్రువీకరణకు కొత్త ఫోన్ నమోదైంది. ఆ ఉద్యోగిని అడిగితే అది తనది కాదన్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. కొత్త పరికరం నమోదు, కొత్త అడ్మిన్ అకౌంట్, బ్యాకప్ సెట్టింగుల మార్పు, వేళ కాని వేళ భారీగా డేటా బయటికి వెళ్లడం, ఈ నాలుగింటికి అలర్ట్ పెట్టి, దాన్ని ఎవరు చూడాలో పేరు రాయండి. లాగ్‌లను (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్లు రాసుకునే రికార్డులను) దుండగులు చెరపలేని చోట వేరుగా దాచండి.

7. ఏఐ అసిస్టెంట్లకు ఇచ్చే అనుమతులు

మీ ఉద్యోగులు ఇప్పటికే ఏఐ టూల్స్ వాడుతున్నారు. నిషేధిస్తే చాటుగా సొంత అకౌంట్లలో వాడతారు. ఒక టూల్‌ను సంస్థ తరఫున అధికారికంగా ఇచ్చి, కస్టమర్ల వివరాలు, సోర్స్ కోడ్ లాంటివి వేరేచోట పెట్టవద్దని స్పష్టంగా చెప్పడం మేలు.

అసలు చిక్కు మెయిల్ చదివి, ఫైళ్లు తెరిచి, మన తరఫున పనులు చేసే అసిస్టెంట్లతో వస్తోంది. అవి చదివే పత్రానికీ, పాటించాల్సిన ఆజ్ఞకూ మధ్య తేడాను నమ్మకంగా గుర్తించలేవు. ఎవరో పంపిన మెయిల్‌లో మనిషి కంటికి కనబడని అక్షరాలతో ‘ఈ ఫైళ్లను ఫలానా చిరునామాకు పంపు’ అని రాసి ఉంటే, అసిస్టెంట్ అది మీ మాటే అనుకోవచ్చు. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. పూర్తి పరిష్కారం ఇంకా లేదు. కాబట్టి చేరిన మొదటి రోజే ఒక కొత్త ఉద్యోగికి ఇచ్చేంత అనుమతే దానికీ ఇవ్వండి. బయటికి పంపడం, చెరపడం, చెల్లించడం ఈ మూడూ మనిషి నొక్కితేనే జరగాలి.

8. క్వాంటం గురించి ఇప్పుడు చేయాల్సింది కొంచెమే

ఈరోజు దొంగిలించిన ఎన్‌క్రిప్టెడ్ (రహస్య సంకేతాల్లోకి మార్చిన) డేటాను దాచిపెట్టుకుని, ఆ సంకేతాలను ఛేదించగల క్వాంటం కంప్యూటర్లు వచ్చాక తెరిచే ముప్పు ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో దీన్ని తట్టుకునే మొదటి మూడు ప్రమాణాలు విడుదల చేసింది. పదేళ్ల తర్వాత కూడా రహస్యంగా ఉండాల్సిన డేటా మీ దగ్గర ఏముందో రాసుకోండి. కొత్తగా కొనే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఈ ప్రమాణాలకు మారే ప్రణాళిక ఉందా అని అడగండి. పై అడుగులు పూర్తికాకుండా దీని మీద డబ్బు పెట్టకండి.

9. దాడి రోజున ఏం చేయాలో కాగితం మీద ఉంచండి

ప్రణాళిక ఫైల్ రూపంలో సర్వర్‌లో ఉంటే ఆ రోజున తెరుచుకోదు. ముద్రించి, ముఖ్యమైన ఐదారుగురి ఇళ్లలో ఒక్కో కాపీ ఉంచండి. నాలుగైదు పేజీలు చాలు. సొంత మొబైల్ నంబర్లు, బ్యాంకు, బీమా, న్యాయవాది, దాడిని పరిశోధించే నిపుణుల నంబర్లు. ఆఫీసు మెయిల్‌ను దుండగులు చదువుతుండవచ్చు కాబట్టి మాట్లాడుకోవడానికి వేరే దారి. సర్వర్లు ఆపే, నెట్‌వర్క్ తెంచే అధికారం ఎవరిదో, రాత్రి రెండు గంటలకు ఆయన ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరో.

సోకిన కంప్యూటర్లను నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి, వీలైనంతవరకు పవర్ ఆపకండి. ఆపితే మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. దుండగులు ఎలా వచ్చారో తేలకుండా బ్యాకప్ ఎక్కించవద్దు, మళ్లీ అదే దారిలో వస్తారు.

చట్టం విధించే గడువులు చాలా తక్కువ. వ్యక్తిగత డేటా పోతే యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం 72 గంటలు, అక్కడి సైబర్ భద్రతా చట్టం నిస్-2 కింద తొలి హెచ్చరికకు 24 గంటలు, భారత్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పడానికి 6 గంటలు. మీకు వర్తించేవి ఏవో ముందే రాయించి, పంపాల్సిన లేఖల నమూనాలు కూడా ఆ కాగితాలకు జతచేయండి.

డబ్బు కట్టాలా వద్దా అన్నది ఆ గందరగోళంలో తేల్చుకునే విషయం కాదు, బోర్డు ముందే చర్చించాలి. నా మట్టుకు నేను కట్టవద్దనే అంటాను. చేంజ్ హెల్త్‌కేర్ విషయంలో 2.2 కోట్ల డాలర్లు చెల్లించాక కూడా డేటా మరో ముఠా చేతిలో ఉండి, మళ్లీ బెదిరింపులు వచ్చాయి. 2019 మార్చిలో నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రో కట్టలేదు. ఫ్యాక్టరీలను చేత్తో, కాగితాలతో నడిపింది, ఏం జరుగుతోందో రోజూ బయటికి చెప్పింది. నష్టం వచ్చింది, కానీ కస్టమర్ల నమ్మకం మిగిలింది. చేత్తో పని నడపడం తెలిసిన పాత ఉద్యోగులు అక్కడ ఎంతో ఆదుకున్నారు. మీ దగ్గరా అలాంటివాళ్లు రిటైర్ కాకముందే, ఆ పద్ధతులు వాళ్ల చేత రాయించండి.

10. రిహార్సల్

మొదటి రిహార్సల్‌కు రెండు గంటలు, ఒక గది చాలు. ఎండీ, ఫైనాన్స్, ఐటీ, హెచ్ఆర్, బయటి ప్రపంచంతో మాట్లాడేవాళ్లు కూర్చోవాలి. ఒకరు కథ నడపాలి: ఉదయం ఏడింటికి ఫైళ్లు తెరుచుకోవట్లేదు, ఎనిమిదింటికి బెదిరింపు లేఖ, పదింటికి ఒక విలేకరి ఫోన్, మధ్యాహ్నం బ్యాకప్‌లు కూడా పోయాయని కబురు. ప్రతి దశలో ఎవరు ఏం చేస్తారో పైకి చెప్పాలి. ‘ఐటీ వాళ్లు చూసుకుంటారు’ అనే జవాబును ఒప్పుకోవద్దు. బయటపడిన ప్రతి లోపం పక్కనా ఒక పేరు, ఒక తేదీ రాయండి.

రెండో రిహార్సల్ సెలవు రోజున, చెప్పకుండా పెట్టండి, కీలకమైన ఒకరిని కావాలనే అందులో పాల్గొననివ్వకుండా. 2016 ఫిబ్రవరిలో ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బంగ్లాదేశ్ బ్యాంక్‌కు న్యూయార్క్‌లో ఉన్న ఖాతా నుంచి 95.1 కోట్ల డాలర్లు కాజేయాలని చూసినవాళ్లు గురువారం రాత్రి మొదలుపెట్టారు. శుక్ర, శనివారాలు బంగ్లాదేశ్‌లో సెలవు, ఆదివారం న్యూయార్క్‌లో సెలవు, సోమవారం ఫిలిప్పీన్స్‌లో చైనా నూతన సంవత్సరం సెలవు. ఆ సందులోనే 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయాయి. మీ క్యాలెండర్‌లో వరసగా సెలవులు వచ్చే వారాలు చూసుకుని, ఆ రోజుల్లో అలర్ట్‌లు ఎవరి ఫోన్‌కు వస్తాయో, వాళ్లు అందుబాటులో లేకపోతే ఎవరికి వెళ్తాయో ఇప్పుడే రాసి పెట్టండి.